రాత్రి గంటల లెక్కకు మైఫ్లైట్‌బుక్: కొన్నేళ్లు వాడాక నా మాట

డల్లాస్ చుట్టుపక్కల అద్దెకు తీసుకున్న సెస్నా 172 అనే చిన్న విమానం నడిపే సరదా పైలట్‌ని. ఉద్యోగం సాఫ్ట్‌వేర్. ఖాళీ దొరికేది సాయంత్రాలే కాబట్టి నా ఫ్లయింగ్‌లో చీకటి వాటా ఎక్కువ. మొదట్లో ఇక్కడ చాలామంది కొనే ఏఎస్ఏ ప్రచురణ సంస్థ వాళ్ల నల్ల అట్ట లాగ్‌బుక్‌లోనే (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) రాసేవాణ్ణి, తర్వాత అదే పని ఫోన్‌లో చేసే మైఫ్లైట్‌బుక్ యాప్ మొదలుపెట్టాను. పగలు మాత్రమే ఎగిరేవాళ్లకు ఏ లాగ్‌బుక్ అయినా ఒకటే. పొద్దుగూకాకే వాటి తేడా బయటపడుతుంది.

అమెరికా నిబంధనల్లో రాత్రి మూడు రకాలుగా ఉంటుంది మరి. సూర్యాస్తమయం అవగానే రెక్కల చివర లైట్లు వెలగాలి. లాగ్‌బుక్‌లో ‘నైట్’ గంటలు మొదలయ్యేది మాత్రం సివిల్ ట్విలైట్ ముగిశాక, అంటే సూర్యుడు దిగంతం కిందికి 6 డిగ్రీలు దిగిపోయాక. ఇక రాత్రిపూట మనుషుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. అవి అస్తమయం అయిన గంట తర్వాతి నుంచి సూర్యోదయానికి గంట ముందు వరకు జరిగినవై ఉండాలి. దిగిన ప్రతిసారీ విమానం పూర్తిగా ఆగాలి, టచ్ అండ్ గో (నేల తాకి ఆగకుండానే మళ్లీ లేవడం) చెల్లదు.

జూన్ చివర్లో డల్లాస్‌లో సుమారు 8:38కి పొద్దు గూకుతుంది. 9:07 ప్రాంతంలో ట్విలైట్ ముగుస్తుంది. 9:20కి దిగామనుకోండి. ఆ చివరి పదమూడు నిమిషాలు నైట్ గంటల్లో చేరతాయి, ఆ ల్యాండింగ్ మాత్రం 90 రోజుల లెక్కకు పనికిరాదు. కాగితం పుస్తకంలో నైట్ ల్యాండింగ్‌కి ఉన్నది ఒక్క గడి. అందులో ‘1’ అని వేశామంటే, అది 9:20ది కావచ్చు, 9:45ది కావచ్చు. రెండు నెలల తర్వాత ఎవరు చెప్పగలరు? అందుకే మా ఇన్‌స్ట్రక్టర్ రిమార్క్స్‌లో దిగిన టైమ్ కూడా రాయించేవారు. మంచి అలవాటే, కానీ ఆ గడి ఎంత సన్నగా ఉంటుందో రాసినవాళ్లకే తెలుసు.

మైఫ్లైట్‌బుక్ నాకు ముందుగా నచ్చింది ఇక్కడే. నైట్ గంటలకు ఏ నిర్వచనం, నైట్ ల్యాండింగ్‌కి ఏ నిర్వచనం అన్నది సెట్టింగ్స్‌లో విడివిడిగా పెట్టుకోవచ్చు. ఫోన్ జీపీఎస్‌తో దారి రికార్డయితే, ఆ దారి వెంబడి సూర్యుడి లెక్క కట్టి నైట్ ఎంతో తనే నింపుతుంది. వెలుతురులో బయల్దేరి చీకట్లో దిగే ఫ్లయిట్లలో ఇది చాలా సుఖం. విమానంలో గంటలు లెక్కపెట్టే హాబ్స్ మీటర్ 1.6 గంటలని మొత్తం చూపిస్తుంది కానీ అందులో రాత్రి 0.9నా, 0.7నా అన్నది చెప్పదు. గంటలో పదో వంతు అంటే ఆరు నిమిషాలు. వేకో ఊరి నుంచి తిరిగి వస్తూ, రేడియోలో మాట్లాడుతూ, గడియారం చూసి ట్విలైట్ ఎప్పుడు ముగిసిందో గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాదు.

యాప్‌లో కరెన్సీ పేజీ ఇంకో వరం (ఇక్కడ కరెన్సీ అంటే డబ్బు కాదు, 90 రోజుల లాంటి అర్హతలు ఇంకా చెల్లుతున్నాయా అన్నది). రాత్రి ప్రయాణికుల అర్హత ఏ తేదీ దాకా ఉందో చూపిస్తుంది. మా ఊళ్లో ఇది జారిపోయేది ఎండాకాలంలోనే, ఎందుకంటే 9:40 దాటేదాకా లెక్కలోకి వచ్చే చీకటే పడదు, మర్నాడు ఆఫీసు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి “పైనుంచి ఊరి లైట్లు చూపించరా” అనేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. (అలాస్కా వాళ్లతో పోలిస్తే మనం నయం. అక్కడ వేసవిలో చీకటే దొరకదని, అక్కడే ఉండి నేర్చుకునేవాళ్లకు రాత్రి శిక్షణ లేకుండానే లైసెన్సు ఇచ్చే వెసులుబాటు నిబంధనల్లోనే ఉంది. దాని మీద రాత్రి ఎగరకూడదని రాసి ఇస్తారు.)

యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) విషయం చూసుకోవాలి. వేసవిలో డల్లాస్ సాయంత్రం 7 దాటగానే యూటీసీలో తేదీ మారిపోతుంది. రాత్రి ఫ్లయిట్లన్నీ మర్నాటి తేదీ మీద పడితే, తర్వాత విమానం అద్దె రసీదులతో సరిచూసుకునేటప్పుడు తల తిరుగుతుంది. నేను తేదీ లోకల్‌గా, టైమ్‌లు యూటీసీలో ఉంచుతాను.

మధ్యలో చందా కట్టి ఇంకో యాప్ కూడా వాడి చూశాను, పేరెందుకు. స్క్రీన్లు అందంగా ఉన్నాయి కానీ నేను వాడిన వెర్షన్‌లో రాత్రికి ఒకటే నిర్వచనం. మైఫ్లైట్‌బుక్ ఉచితం, ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. చూడ్డానికి పాతకాలం వెబ్‌సైట్‌లా ఉంటుంది, నాకు దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా నా ఫోన్‌తోనే. ఎండలో డాష్ మీద పెడితే వేడెక్కి ఆరిపోతుంది, దారి సగంలో తెగిపోతుంది. అందుకని బయల్దేరిన టైమ్, దిగిన టైమ్ ఇప్పటికీ మోకాలి ప్యాడ్ మీద పెన్సిల్‌తో రాస్తాను.

కాగితం పుస్తకాన్ని పూర్తిగా మానలేదు. ఇన్‌స్ట్రక్టర్ సంతకాలన్నీ అందులో ఉన్నాయి, ఎగ్జామినర్ ముందు పెట్టడానికి అదే హాయి. లైసెన్సుకు దరఖాస్తు చేసే 8710 ఫారం నింపేటప్పుడు మాత్రం యాప్ ముందుంటుంది. శిక్షణలో రాత్రి గంటలు, పీఐసీగా (విమానానికి బాధ్యుడైన పైలట్‌గా) రాత్రి గంటలు, రాత్రి ల్యాండింగ్‌లు, అన్నీ ఆ ఫారంలో వేరువేరు గడులు. కాగితంలో కూడుకుంటూ కూర్చుంటే ఒక సాయంత్రం పోతుంది.

ఇక్కడ నేర్చుకుని ఇండియా వెళ్లి డీజీసీఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) కమర్షియల్ లైసెన్సుకు మార్చుకునే మన పిల్లలకు ఒక మాట. అక్కడ రాత్రి 5 గంటలు, పీఐసీగా 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు అడుగుతారు. ప్రైవేట్ లైసెన్సు కోసం ఇన్‌స్ట్రక్టర్‌తో చేసిన పది ల్యాండింగ్‌లను వీటితో కలిపేయకండి. మొదటి రాత్రి ఫ్లయిట్ నుంచే డ్యుయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినది) వేరు, పీఐసీ వేరుగా నింపుతూ రండి, అస్తమయం టైమ్ పక్కనే రాయండి. యాప్‌లోంచి ఫైల్ డౌన్‌లోడ్ చేసి నెలకోసారి ఎక్కడైనా దాచుకోండి.