వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రే: 2.7 కిలోమీటర్లు, 2 నిమిషాలు

స్కాట్లాండ్‌కు ఉత్తరాన, ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అని పక్కపక్కనే రెండు చిన్న దీవులున్నాయి. రెండిట్లోనూ చెరో బుల్లి విమానాశ్రయం. మధ్య దూరం 2.7 కిలోమీటర్లే. టైమ్‌టేబుల్ ప్రకారం నడిచే విమానాల్లో ప్రపంచం మొత్తం మీద ఇదే అతి చిన్న ప్రయాణం. 1967 నుంచి లోగన్‌ఎయిర్ నడుపుతోంది. పట్టే సమయం 2 నిమిషాలని రాసి ఉంటుంది కానీ గాలి కలిసొస్తే అంత కూడా పట్టదు. రికార్డు 53 సెకన్లు!

మేం ఆర్క్నీలోని పెద్ద ఊరు కిర్క్‌వాల్‌లో ఎక్కాం. విమానం పేరు ఐలాండర్. రెండు ప్రొపెల్లర్లు, ఎనిమిది మంది ప్రయాణికులు. కారు డోరు తీసినట్టు తలుపు తీసుకుని సీట్లో కూర్చోవడమే. మన బరువును బట్టి సీటు చెబుతారు. నాకు పైలట్ పక్కన దొరికింది. ముందంతా ముళ్లు తిరిగే మీటర్లు. ఏది తగిలితే ఏమవుతుందోనని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వెస్ట్రే దాకా సుమారు 45 కిలోమీటర్లు, పావుగంట. నిజం చెప్పాలంటే ఈ పావుగంటే ఎక్కువ నచ్చింది. విమానం తక్కువ ఎత్తులో వెళ్తుంది కాబట్టి లోతు తక్కువున్న చోట సముద్రం అడుగున ఇసుక కూడా కనిపిస్తుంది.

వెస్ట్రేలో ఒకావిడ దిగింది, మళ్లీ లేచాం. వాచీ చూసుకుంటూనే ఉన్నాను. చక్రాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ తాకేదాకా నిమిషం నలభై సెకన్లు.

చాలామంది ఫొటో తీసుకుని అటునుంచి అటే వెనక్కి వెళ్లిపోతారు. దయచేసి అలా చేయకండి, పాపా వెస్ట్రేలో ఒక రాత్రి ఉండండి. ఊరివాళ్ల సహకార సంఘమే ఒక హాస్టల్ నడుపుతోంది. గది సాదాసీదాగా, శుభ్రంగా ఉంది. వంట మనమే చేసుకోవాలి. కొట్టు అక్కడే ఉంది కానీ రోజంతా తెరిచి ఉండదు, అందుకని కావలసిన సరుకులు కిర్క్‌వాల్‌లోనే కొనుక్కోవడం మేలు.

సాయంత్రం నాప్ ఆఫ్ హౌవర్‌కి నడిచాం. 5,000 ఏళ్లు దాటిన రెండు రాతి ఇళ్లు, సముద్రం ఒడ్డునే. టికెట్ లేదు, కాపలా లేదు. గుమ్మం ఎంత పొట్టిదంటే నడుం వంచి దూరాలి. లోపలికి వెళ్లగానే ఈదురుగాలి చప్పుడు ఒక్కసారిగా తగ్గిపోయింది. గోడలో రాతి అరలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ అర మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. ఉత్తరపు కొసన పక్షుల కోసం కాపాడుతున్న నేల ఉంది. జూన్‌లో ఆర్కిటిక్ టెర్న్‌లు గూళ్ల దగ్గరికి వచ్చినవాళ్ల నెత్తి మీదకి దూకుతాయి, టోపీ తప్పనిసరి.

పడవల్లోనూ రావచ్చు. కిర్క్‌వాల్ నుంచి వెస్ట్రేకి ఫెర్రీలో దాదాపు గంటన్నర, అక్కడి నుంచి ఇంకో చిన్న పడవ. ఖర్చు చూసుకునేవాళ్లకి అదే నయం. సమయం తక్కువుంటే విమానమే. కానీ పొగమంచు పడితే ఏ లెక్కా పనిచేయదు. మర్నాడు మా విమానం మధ్యాహ్నం దాకా రాలేదు. అదే రోజు కిర్క్‌వాల్ నుంచి పెద్ద విమానం బుక్ చేసుకోకండి, ఒక రోజు ఖాళీ ఉంచుకోండి.

తిరుగు ప్రయాణంలో నా పక్కన ఒక టీచరమ్మ కూర్చుంది. దీవుల బడులకు విమానంలోనే తిరుగుతుందట. విమానం లేచింది, దిగింది. ఆవిడ ఒళ్లో నోటు పుస్తకం దిద్దుతూనే ఉంది.