టేపుతో కొలిచి ఇచ్చే దుకాణం

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో స్త్రీల లోదుస్తులు మాత్రమే అమ్మే ఒక చిన్న దుకాణానికి గత నెలలో మా అమ్మను తీసుకువెళ్లాను. ఆమెకు 62 ఏళ్లు. బ్రా కోసం ఒకరు ఆమె కొలత తీయడం అదే మొదటిసారి. అంతకుముందు మేము వెళ్లే బట్టల కొట్టులో కౌంటరు వెనుక ఉన్న మగవారు ఎగాదిగా చూసి సైజు చెప్పేవారు, అమ్మ మారు మాట్లాడకుండా పొట్లాన్ని సంచి అడుగున దాచుకుని బయటపడేది.

ఇక్కడ ఒక మహిళ తలుపు వేసిన గదిలో రొమ్ముల కింద ఒకసారి, వాటి మీదుగా మరొకసారి టేపు చుట్టి కొలిచారు. బరువును ప్రధానంగా మోయవలసింది భుజాల పట్టీలు కావని, ఒంటి చుట్టూ వచ్చే పట్టీ అని వివరించి, అమ్మ ఏళ్లుగా వాడుతున్న 38 అంగుళాల పట్టీ సైజు వదులైనదని, 36కు దిగి, A, B, C అక్షరాలతో చెప్పే కప్పు సైజును ఒక అక్షరం పెంచాలని చెప్పారు. భుజాలపై పడిన గాట్లకు వయసే కారణమని ఇన్నాళ్లూ నమ్మిన అమ్మ చాలాసేపు మౌనంగా ఉండిపోయింది.

అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ రెండు చేతిరుమాళ్లను రిబ్బనుతో కలిపి కుట్టించిన బ్రాకు 1914లో పేటెంటు పొందారు. నడుమును, ఛాతీని బిగించి కట్టే గట్టి పుల్లల కార్సెట్ల నుంచి బయటపడటం అక్కడి స్త్రీల కోరిక. నేటి కేరళ ప్రాంతంలోని తిరువాన్కూరు సంస్థానంలో మాత్రం, అప్పట్లో తక్కువ కులంగా చూసిన నాడార్ల స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసమే దెబ్బలు తిన్నారు. 1859లో రాజు అనుమతి ప్రకటించినా, పై కులాల స్త్రీల తీరులో కప్పుకోరాదన్న షరతు మిగిలింది. విజయనగరం జిల్లాలో మా మామ్మ రవిక లేకుండానే చీర కట్టి పొలం పని చేసింది, అందుకు ఏనాడూ సిగ్గుపడలేదు. పట్నం కోడలిగా వచ్చిన అమ్మకేమో రవిక కింద బాడీ తప్పనిసరి అయింది, దాన్ని ఆరవేయడానికి చీర చాటు కూడా తప్పనిసరి అయింది. ఇన్ని తరాలుగా ఇతరులు నిర్ణయించిన విషయంలో, ఎక్కడ నొక్కుతోందని అమ్మనే అడిగిన ఆ మహిళ పట్ల నాకు ఎంతో గౌరవం కలిగింది.

విశాఖ ఉక్కపోతకు తగిన నూలు రకాలు రూ. 450 నుంచి దొరికాయి. అయితే 42 దాటిన సైజులు బాగా తక్కువ, రొమ్ము శస్త్రచికిత్స చేయించుకున్నవారికి పనికివచ్చేవి అసలే లేవు. ఈ రెండు లోపాలనూ వారు తప్పక సరిదిద్దాలి. కొలిచేవారు ఒక్కరే కావడంతో సాయంత్రాలు వేచి ఉండవలసి వస్తుంది కనుక ఉదయం వెళ్లడం మేలు.