జింప్‌లో గుజ్జు డబ్బా: లేబుల్ పనికి ఎంతవరకు నమ్మవచ్చు?

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కోతలు మొదలయ్యాయంటే, మామిడి గుజ్జు డబ్బాలకు లేబుళ్లు గీయించుకోవడానికి మా గదికి వచ్చేవారు పెరుగుతారు. లేబుల్‌ను బల్లపరుపుగా తెర మీద చూపిస్తే వారికి తృప్తి ఉండదు. డబ్బాకు చుట్టినట్టే చూపించమంటారు. ఫొటోషాప్‌లోని త్రీడీ సదుపాయాలను అడోబ్ సంస్థ 2021 నాటి 22.5 వెర్షన్ నుంచి ఉపసంహరించుకుంటూ రావడంతో, ఆ పనికి ఉచితంగా దొరికే, బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్ 3.0ను ఎంచుకొని ఒక సీజనంతా వాడాను.

ఇందులోని ‘మ్యాప్ ఆబ్జెక్ట్’ ఫిల్టర్ మన చిత్రాన్ని పలక, గోళం, పెట్టె, స్తూపం అనే నాలుగు ఆకారాల మీదికి ఎక్కిస్తుంది. బెల్లం అట్టపెట్టెకు ఆరు ముఖాలనూ విడివిడిగా ఇస్తే చాలు, పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు. చిక్కంతా స్తూపంతోనే. పది సెంటీమీటర్ల వ్యాసమున్న డబ్బా చుట్టుకొలత దాదాపు 31.4 సెంటీమీటర్లు, లేబుల్ పొడవు, ఎత్తుల నిష్పత్తికి తగినట్టు ఫిల్టర్‌లో వ్యాసార్థాన్నీ పొడవునూ సరిచేయకపోతే అక్షరాల గుడులూ కొమ్ములూ అడ్డంగా సాగిపోతాయి. పైగా ఎదుట నిలబడి చూసేవారికి డబ్బా చుట్టులో సగానికి మించి కనిపించదు కనుక, సరుకు పేరును లేబుల్ నడిమి మూడో వంతులోనే ఇమిడ్చాలి.

వెలుగు విషయంలో మాత్రం ఈ ఫిల్టర్ నాకు నచ్చలేదు. దాని మెరుపును ఉన్నదున్నట్టు వదిలేస్తే, రేకు డబ్బాకు అంటించిన కాగితం కాస్తా ప్లాస్టిక్ గొట్టంలా కనిపిస్తుంది. అందుకని మెరుపును బాగా తగ్గించి, పైన మరో లేయర్‌లో ఎడమ నుంచి కుడికి నేనే గ్రేడియంట్ (మెల్లగా మారే రంగుల పూత) వేసి, దాన్ని కింది చిత్రాన్ని ముదురు చేసే మల్టిప్లై పద్ధతిలో కలుపుతున్నాను: ఎడమ అంచున బూడిద రంగు, మూడో వంతు దగ్గర తెల్లని పట్టీ, అక్కడి నుంచి మెల్లగా ముదురు, కుడి అంచుకు వెంట్రుకవాసి ముందు మళ్లీ కొద్దిపాటి లేత గీత. బల్ల మీద పడిన వెలుతురు డబ్బా పక్కకు తిరిగి తగిలినట్టు చూపేది ఆ సన్నని గీతే. దాన్ని తీసేసి చూస్తే గుండ్రదనం సగం పోతుంది.

ఫిల్టర్ లేకుండా చేత్తో గీయడమూ సాధ్యమే గానీ, మొదటిసారి పైమూత దీర్ఘవృత్తాన్నే కాపీ చేసి అడుగున పెట్టాను. ఫ్యాక్టరీ యజమాని ఒకరు తెర వైపు వంగి, “ఏం సార్, డబ్బా అడుగున సొట్టబోయినట్టుండాదే?” అన్నారు. ఆయన చూపు తప్పలేదు. పైనుంచి చూసేటప్పుడు అడుగు వంపు పైమూత వంపు కంటే నిండుగా ఉండాలి.

3.0లో డ్రాప్ షాడో వంటి చాలా ఫిల్టర్లను వేసిన తర్వాత కూడా తిరిగి తెరిచి మార్చుకోవచ్చు. మ్యాప్ ఆబ్జెక్ట్‌కు ఆ వెసులుబాటు లేనందున, లేబుల్‌లో ఒక్క అక్షరం మారినా మొదటి నుంచీ చుట్టుకోవాలి. కొలతలను కాగితం మీద రాసి పెట్టుకోవడం నాకు అలా అలవాటైంది. యూనికోడ్ ఫాంట్లతో ఒత్తులు చెదరకుండా వస్తాయి గానీ, అచ్చుకు వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి సీఎంవైకేలో నేరుగా దిద్దే వీలు లేకపోవడం ప్రెస్సు పనికి లోటే. వాట్సాప్‌లో నమూనా పంపి ఖాతాదారు చేత సరేననిపించుకోవడానికి జింప్‌ను నిస్సంకోచంగా వాడుతున్నాను. అచ్చుకు వెళ్లే కేటలాగుకు మాత్రం లేబుల్ అంటించిన అసలు డబ్బానే ఫొటో తీయిస్తున్నాను.