జీతం ఎక్కువ పడి, తిరిగి కట్టమన్నప్పుడు: నారాయణగూడ లేబర్ లా కన్సల్టెంట్‌కి నాలుగు స్టార్లు

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో తర్వాత చెప్తా, ముందు పని సంగతి.

మాదాపూర్‌లో ఒక ప్రైవేట్ కంపెనీలో చేస్తాను. 2025 నవంబర్ జీతంలో 60,000 ఇన్సెంటివ్ రెండుసార్లు పడింది. అప్పుడే పేరోల్ వాళ్లకి మెయిల్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. సంక్రాంతికి ఊరెళ్లి అరిసెల డబ్బాతో తిరిగొచ్చేసరికి హెచ్‌ఆర్ మెయిల్ రెడీగా ఉంది: పొరపాటున ఎక్కువ వేశాం, 60,000 మొత్తం జనవరి జీతంలో పట్టుకుంటాం, జతచేసిన కాగితం మీద సంతకం పెట్టి పంపండి అని. నా గ్రాస్ (కోతలకు ముందు జీతం) 75,000. అందులో అరవై వేలు పోతే ఇంటి అద్దె, స్కూల్ వ్యాన్, చిట్టీ ఎక్కడినుంచి తెచ్చి కట్టాలి?

సలహాలకేం కొదవలేదు. మా బావగారు గవర్నమెంట్ ఉద్యోగి, ఆయన వాట్సాప్‌లో ఒక సుప్రీంకోర్టు తీర్పు పంపి "ఒక్క రూపాయి కూడా కట్టకమ్మా" అన్నారు. ఆఫీసులో ఫ్రెండ్స్ ఏమో "ఎందుకొచ్చిన గొడవ, అడిగినంత ఇచ్చెయ్" అన్నారు. టెన్షన్‌తో తెలిసినవాళ్లని అడుగుతుంటే ఒకరు ఈ ఆఫీసు చెప్పారు.

నారాయణగూడ మెట్రో దిగితే నడిచి వెళ్లొచ్చు, బండి మీద మాత్రం వెళ్లకండి, పెట్టడానికి చోటు ఉండదు. మెట్లెక్కి వెళ్తే చిన్న గది, బీరువాల నిండా ఫైళ్లు, టోకెన్ పద్ధతి అంటూ ఏమీ లేదు, ఎవరు ముందు లోపలికి దూరితే వాళ్లదే వంతు. సాయంత్రం టైమ్‌కి వెళ్లి కూడా చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది.

కానీ లోపలికి వెళ్లాక పెద్దాయన మాట్లాడిన తీరు నాకు నచ్చింది. భయపెట్టలేదు, ఆశ కూడా పెట్టలేదు. "ముందు ఆ డబ్బు నీది కాదమ్మా, ఆ ఆశ వదిలెయ్" అని మొదలుపెట్టారు. పొరపాటున చేతికొచ్చిన డబ్బు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే 72వ సెక్షన్ ఉందట. మా బావగారి తీర్పు చూపిస్తే నవ్వేశారు. అది 2014లో పంజాబ్ ప్రభుత్వం, రఫీక్ మసీహ్ కేసులో వచ్చింది. గ్రూప్ సి, డి (కింది స్థాయి) ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఏడాదిలో రిటైరవబోయేవాళ్లు, ఐదేళ్లకు మించి ఎక్కువ జీతం అందుకుంటూ వచ్చినవాళ్లు, ఇలాంటి వాళ్ల దగ్గర వసూలు చేయొద్దని చెప్పిన తీర్పు, అదీ ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో. రెండు నెలల కింద డబుల్ పడిన ప్రైవేట్ ఇన్సెంటివ్‌కి దాన్ని పట్టుకెళ్తే కోర్టు వినదని తేల్చేశారు. (బావగారికి ఇది చెప్పాను, ఇంకా ఒప్పుకోలేదు.)

అసలు పనికొచ్చిన మాట ఆ తర్వాత వచ్చింది. కట్టాలా వద్దా అని కాదు, ఎంత కట్టాలి, ఎలా కట్టాలి అన్నదాని మీద పట్టుబట్టమన్నారు. పేస్లిప్ తీసుకుని క్యాలిక్యులేటర్ నొక్కి చూపించారు. నేను పాత పన్ను విధానంలో ఉన్నాను కాబట్టి ఆ రెండో 60,000 మీద సెస్‌తో కలిపి 20.8 శాతం టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పోయింది, అంటే 12,480. నా ఖాతాలో పడింది 47,520 మాత్రమే. హెచ్‌ఆర్ అడుగుతున్నది 60,000. నేను ముట్టని పన్నెండు వేల చిల్లర నా జేబులోంచి ఎందుకు కట్టాలి? ఇది నాకు తట్టనే లేదు, హెచ్‌ఆర్‌కి తట్టిందో లేదో దేవుడికే తెలియాలి.

రెండోది, ఎక్కువ పడిన జీతాన్ని కోసుకునే హక్కు కంపెనీకి చట్టంలోనే ఉంది, కానీ ఒక నెలలో అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. ఇంతకుముందు ఈ రక్షణ పేమెంట్ ఆఫ్ వేజెస్ చట్టం కింద నెలకి 24,000 లోపు వాళ్లకే ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేజ్ కోడ్‌లో (జీతాల కొత్త చట్టం) ఆ పరిమితి లేదు, కాబట్టి నాకూ వర్తిస్తుంది.

మరి వాయిదాలు ఎన్నాళ్లైనా లాగొచ్చా అంటే, వద్దన్నారు. మార్చి జీతం లోపు సర్దేస్తే ఆ ఆర్థిక సంవత్సరంలోనే టీడీఎస్ కూడా సరిపోతుంది. ఏప్రిల్‌లోకి జారితే ఆ అరవై వేలు ఫారం 16లో (జీతం, పన్ను లెక్కతో కంపెనీ ఏడాదికోసారి ఇచ్చే కాగితం) నా ఆదాయంగానే ఉండిపోయి, పన్ను కోసం మళ్లీ తిరగాలి. అందుకని జనవరి, ఫిబ్రవరి, మార్చి, నెలకి గ్రాస్‌లో 20,000 తగ్గించమని రాయించారు. టీడీఎస్ కూడా ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేదాంట్లో తగ్గేది నెలకి 15,840. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయొద్దు, పేస్లిప్‌లోనే కనిపించాలి అన్నారు.

హెచ్‌ఆర్ పంపిన కాగితంలో "భవిష్యత్తులో తేలే ఏ మొత్తాన్నైనా ఫుల్ అండ్ ఫైనల్‌లో పట్టుకోవచ్చు" అని ఒక లైను ఉంది (ఫుల్ అండ్ ఫైనల్ అంటే ఉద్యోగం మానేటప్పుడు చేసే చివరి లెక్క). దాన్ని పెన్నుతో కొట్టేసి, ఇది లేకుండా పంపమనండి అన్నారు. నేను నవంబర్‌లో పెట్టిన మెయిల్‌ని జవాబుకి జత చేయించారు, దాచిపెట్టుకున్నానని రేపు ఎవరూ అనకుండా.

కంపెనీ పెద్దగా వాదించలేదు. రెండు మెయిళ్లు అటూ ఇటూ తిరిగాక ఒప్పుకుంది, మార్చి పేస్లిప్‌తో లెక్క సరిపోయింది.

ఇప్పుడు కోసిన స్టార్ సంగతి. ఫోన్‌లో ఫీజు 1,500 అన్నారు. లెటర్ రాసినందుకు ఇంకో వెయ్యి అని చివర్లో చెప్పారు. వెయ్యి ఎక్కువేం కాదు, ముందే చెప్పాలి కదా! రసీదు కూడా అడిగితేనే ఇచ్చారు. లెటర్ టైప్ చేసిన జూనియర్ మా కంపెనీ పేరు తప్పు కొట్టాడు, నేను చూసుకోకపోతే అలాగే వెళ్లేది. వాట్సాప్‌కి జవాబు రావాలంటే మర్నాడే.

మీది ఐదారు వేల లోపు తేడా అయితే ఇంత దూరం రావక్కర్లేదు, నికరంగా పడిందెంతో లెక్కేసుకుని మెయిల్ మీరే పెట్టుకోవచ్చు. పెద్ద మొత్తమైనా, రాజీనామా చేసి ఫుల్ అండ్ ఫైనల్ పెండింగ్‌లో ఉన్నా మాత్రం వెళ్లండి. ఆఫర్ లెటర్, మూడు నాలుగు నెలల పేస్లిప్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని వెళ్లండి, ఫోన్‌లో చూపిస్తే ఆయన చూడరు.