జాఫినో ఫాంటుతో 12 ఏళ్లు

ప్రశంసాపత్రం మీద పేరు, ఆహ్వానం మీద మొదటి వరుస, పుస్తకం లోపల శీర్షిక పేజీ. 12 ఏళ్లుగా ఈ మూడింటికీ జాఫినోనే వాడుతున్నాను. మరో పనికి పెట్టిన ప్రతిసారీ మళ్లీ తీసేయాల్సి వచ్చింది.

ఇంగ్లిషు గొలుసుకట్టు ఫాంట్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటికి లేని ఊపిరి దీనికుంది. జర్మన్ అక్షర రూపశిల్పి హెర్మన్ జాఫ్ 1944లో తన స్కెచ్‌బుక్‌లో పాళీతో రాసుకున్న ఒక పేజీ దీనికి మూలం. సీసపు అచ్చుల్లో ఒక అక్షరం తోక పక్క అక్షరం మీదికి అంత స్వేచ్ఛగా సాగే వీల్లేదు. కంప్యూటర్లు వచ్చాకే, 1998లో, లైనోటైప్ అనే ఫాంట్ల సంస్థ దీన్ని విడుదల చేసింది.

దీని బలమంతా ఒక్కో అక్షరానికి ఉన్న వేర్వేరు రూపాల్లోనే ఉంది. ఎడ్వర్డ్ అన్న పేరే తీసుకోండి. ఇంగ్లిషులో రాస్తే చిన్న 'డి' రెండుసార్లు వస్తుంది. చేత్తో రాసేవాళ్లెవరూ ఆ రెంటినీ అచ్చుగుద్దినట్టు రాయరు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అక్షరం రూపాలన్నీ (గ్లిఫ్‌లు) చూపించే గ్లిఫ్స్ ప్యానెల్ తెరిచి మొదటిదానికి పొదుపైన రూపం, చివరిదానికి బాగా సాగే రూపం ఎంచుకుంటే పేరు అప్పుడే రాసినట్టు కనిపిస్తుంది. ఒక్కో పేరుకి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలూ పెట్టలేనప్పుడు నేను వేరే ఫాంటే వాడతాను. అన్నట్టు, మ్యాక్‌తో వచ్చే వెర్షన్‌లో ఈ ఫాంటు పేరే ఇంగ్లిషులో (Zapfino) టైపు చేసి చూడండి: ఏడో అక్షరం కొట్టగానే మాటంతా కలిసి ఒకే గ్లిఫ్‌గా మారిపోతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు ముచ్చటే.

ఇక చోటు సంగతి. 12 పాయింట్లలో పెట్టినా దాదాపు మూడు మామూలు వరుసల ఎత్తు తీసుకుంటుంది. ఎక్కువైందని లైన్ స్పేసింగ్ తగ్గిస్తే పై వరుసలోని 'వై' తోక కింది వరుసలోని 'హెచ్' తలలో చిక్కుకుంటుంది. అందుకే ఒక్క వరుసకు మించి పెట్టను. ఒకసారి 40 పత్రాలు అచ్చయి వచ్చాక చూస్తే, అన్నిటిలోనూ చివరి అక్షరం తోక బాక్సు అంచు దగ్గర తెగి ఉంది. అన్నీ మళ్లీ వేయించాను. అప్పటినుంచి ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను ఔట్‌లైన్లుగా, అంటే ఫాంటు అవసరం లేని బొమ్మలుగా మార్చి, పీడీఎఫ్‌ని పెద్దది చేసి అంచులన్నీ చూస్తాను.

అన్నీ పెద్ద అక్షరాల్లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, చదవలేం. పేరాలకూ వద్దు.

తోడుగా, మిగతా మాటలకి, ఆప్టిమా అనే ఫాంటు పెడతాను. అదీ జాఫ్ చేసిందే. నిటారుగా, నిరాడంబరంగా ఉంటుంది కాబట్టి పైనున్న పేరుతో పోటీపడదు. ముదురు రంగు మీద తెల్లగా అచ్చు వేయాలంటే సన్నగీతల్లోకి సిరా పాకి మూసుకుపోతాయి. అలాంటి చోట 2003లో వచ్చిన జాఫినో ఎక్స్‌ట్రా అనే విస్తరించిన వెర్షన్‌లోని ఫోర్టే రకం వాడండి, దాని గీత కాస్త బొద్దుగా ఉంటుంది.