హోలీ ల్యాండ్ టూర్‌కు వెళ్తే ఇశ్రాయేల్ మ్యూజియానికి ఒక పూట ఉంచుకోండి

యెరూషలేములోని ఈ మ్యూజియానికి టూర్ల వాళ్లు తీసుకెళ్లేది ఎక్కువగా రెండింటి కోసం: మృత సముద్రపు చుట్టలు (ప్రాచీన యూదు రాతప్రతులు), రెండో దేవాలయం నాటి నగర నమూనా. మా ఏజెన్సీ కూడా పురావస్తు విభాగం ఊసే ఎత్తలేదు. నేను గుంపులో చెప్పి, ఆ పూటంతా అక్కడే ఉండిపోయాను. సండే స్కూల్లో పాత నిబంధన చెప్పేవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు ఇది.

కనాను గదుల్లో, ప్రాచీన కనాను నగరం హాసోరు గుడి రాళ్ల దగ్గర ఆగండి. నల్లరాళ్ల వరుసలో ఒకదాని మీద నెలవంక వైపు ఎత్తిన రెండు చేతులు చెక్కి ఉన్నాయి. సమరియ కొండల్లో దొరికిన కంచు ఎద్దు కూడా చూడండి. పొడవు 18 సెంటీమీటర్లే. క్రీ.పూ. 12వ శతాబ్దానిది, అంటే ఇశ్రాయేలీయులు ఆ కొండల్లో ఊళ్లు కట్టుకుంటున్న కాలానిది. అది కనానీయుల తుఫాను దేవుడు బయలుకు గుర్తా, యెహోవాకా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. సిరియా తీరంలోని ప్రాచీన నగరం ఉగారిత్‌లో దొరికిన మట్టి పలకల్లో కనానీయుల పెద్ద దేవుడు ఏల్‌ను ఎద్దు అనే పిలుస్తారు. ఉత్తర ఇశ్రాయేలు రాజు యరొబాము బేతేలులో, దానులో దూడలనే ఎందుకు నిలబెట్టాడో నాకు అక్కడ అర్థమైంది.

నన్ను కదలనివ్వనిది మాత్రం నెగెవు ఎడారిలోని అరాదులో దొరికిన గర్భగుడి. యూదా రాజుల కోటలో కట్టిన యెహోవా గుడి అది. మెట్ల దగ్గర రెండు ధూపవేదికలు, లోపల నిలువురాయి. యాకోబు బేతేలులో నిలబెట్టి నూనె పోసిన రాయి లాంటిదే. తర్వాత ద్వితీయోపదేశకాండం వద్దన్నదీ అలాంటి రాళ్లనే. వేదికల మీద మిగిలిన మసిని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు: పెద్దదాని మీద కొవ్వుతో కలిపిన సాంబ్రాణి, చిన్నదాని మీద పేడతో కలిపిన గంజాయి! ఈ వేదికలను పగలగొట్టలేదు, పక్కకు వాల్చి మట్టి కప్పారు. అది యూదా రాజు హిజ్కియా యెరూషలేము బయటి పూజాస్థలాలను తొలగించిన సంస్కరణల పనేనని కొందరి అభిప్రాయం. పూజించిన చేతులే వాటిని పాతిపెట్టాయనుకుంటే గుండె బరువెక్కింది.

యూదా ఇళ్లలో దొరికిన మట్టి స్త్రీ బొమ్మలు కనానీయుల దేవత అషేరావే అని చాలామంది అంటారు, నాకంత నమ్మకం కుదరలేదు.

కనానీయుల మతాన్ని మనం పరాయి శత్రువుగానే బోధిస్తాం. ఇక్కడ చూస్తే ఇశ్రాయేలు అదే నేలలో, అవే వేదికల మధ్య పెరిగింది. మేఘాల మీద స్వారీ చేసేవాడని ఉగారిత్ కవులు బయలును పొగిడారు. 104వ కీర్తనలో మేఘాలు యెహోవాకు వాహనాలయ్యాయి. దీనివల్ల నా విశ్వాసం తగ్గలేదు. బయలు పూజను ఎదిరించిన ప్రవక్త ఏలీయా ఎవరితో, ఎంత దగ్గరివాళ్లతో పోరాడాడో తెలిసి ఆయన మీద ప్రేమ పెరిగింది.

వివరాలు హీబ్రూ, అరబిక్, ఇంగ్లీషుల్లో ఉంటాయి, తెలుగులో లేవు. పెద్దవాళ్లతో వెళ్తే ముందు రోజు రాత్రి 1 రాజులు 12, 2 రాజులు 23 అధ్యాయాలు కలిసి చదువుకోండి. నమూనా, చుట్టలు తర్వాత చూడొచ్చు. ఓపిక ఉండగానే ఈ గదులకు వెళ్లండి.