జింజర్‌బ్రెడ్ ఇల్లు: కిట్ కొనాలా, క్రాకర్ బిస్కెట్లతో కట్టాలా, ఇంట్లోనే కాల్చాలా? పిల్లలతో అయితే ఏది మేలు?

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన తెలుగు అమ్మానాన్నల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న రాక మానదు. స్కూల్లో చేయించారట, పక్కింటి పిల్లలు కూడా చేశారట, మా అమ్మాయి జింజర్‌బ్రెడ్ హౌస్ (అల్లం, మసాలా వేసిన బిస్కెట్ పలకలతో కట్టే చిన్న ఇల్లు) కట్టాల్సిందేనని పట్టుబట్టింది, ఏం కొనమంటారు? వెంటనే ఎవరో ఒకరు స్టోర్లో కనబడిన కిట్ ఫోటో పెడతారు, అందరూ బొటనవేలు ఎత్తుతారు, అయిపోతుంది. నా లెక్కలో మాత్రం ఉన్న మూడు దారుల్లో కిట్‌ది చివరి స్థానం. మిగతా రెండింటిలో ఏది మంచిదన్నది పిల్లల వయసును బట్టి ఉంటుంది.

అసలు అడగాల్సిన ప్రశ్న ధరో రుచో కాదు. ఆ ఇల్లు కట్టేది ఎవరు, పిల్లలా మనమా? నేను మూడింటినీ ఆ ఒక్క ప్రశ్నతోనే తూచాను.

ముందు కిట్ సంగతి. పెట్టెలో ముందే కాల్చిన పలకలు ఉంటాయి: పక్క గోడలు రెండు, ముందూ వెనకా త్రికోణం తలతో ఉన్న గోడలు రెండు, కప్పుకు రెండు. వాటితో పాటు ఒక సంచి ఐసింగ్ (అతకడానికి వాడే చిక్కటి చక్కెర ముద్ద), చిన్న చిన్న క్యాండీ పొట్లాలు. చాలామటుకు 10 నుంచి 20 డాలర్ల లోపే వస్తుంది, పిండి కలిపే పని లేదు, ఓవెన్ వెలిగించక్కర్లేదు. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా కట్టడం దగ్గరే. ఐసింగ్‌తో గోడలు నిలబెట్టాక అవి గట్టిపడటానికి కనీసం గంటైనా వదిలేయాలి, ఇంకా ఎక్కువసేపు వదిలితే మరీ మంచిది, ఆ తర్వాతే కప్పు ఎక్కించాలి. నాలుగైదేళ్ళ పిల్లకు ఎదురుగా రంగురంగుల క్యాండీలు పెట్టి, రెండు గంటలు ఆగమ్మా అంటే ఆగుతుందా? అందుకే చాలా ఇళ్ళలో జరిగేది ఏంటంటే, అమ్మ రెండు చేతులతో గోడలు పట్టుకుని కదలకుండా కూర్చుంటుంది, నాన్న కప్పు జారకుండా అదిమి పట్టుకుంటాడు, పిల్లలు ఈలోగా క్యాండీలు తినేస్తుంటారు. కట్టింది మనమే అయినప్పుడు అది పిల్లల పని ఎలా అవుతుంది?

అయినా కిట్టే కొంటామంటే ఒక మంచి ఉపాయం ఉంది. ముందురోజు రాత్రి పిల్లలు పడుకున్నాక మీరే కట్టేయండి. ఐసింగ్ సంచిని చేతుల్లో బాగా పిసికి మెత్తబడ్డాక వాడండి, గోడలకు లోపలా బయటా టొమాటో డబ్బాలో బీన్స్ డబ్బాలో ఆనించండి, గోడలు గట్టిపడ్డాక కప్పు పెట్టి, తెల్లారేదాకా ముట్టుకోవద్దు. ఉదయం పిల్లలకు నిలబడి ఉన్న ఇల్లు దొరుకుతుంది, అలంకరణంతా వాళ్ళ ఇష్టం. పలక విరిగి వచ్చినా కంగారు పడక్కర్లేదు, వెనకవైపు ఐసింగ్ మందంగా పూసి అతికితే నిలుస్తుంది, ముందువైపు పగులు మీద క్యాండీ పెడితే కనబడదు కూడా. కానీ ఆ పలకలు ఎప్పుడో కాల్చి ప్యాక్ చేసినవి, అట్టలా ఉంటాయి, తినమని పిల్లలకు ఇవ్వాలన్నా మనసొప్పదు. తినే ఇల్లు అని పేరు పెట్టుకుని, చివరికి చెత్తబుట్టలో పారేయడం నాకు బాధగా ఉంటుంది.

ఇక క్రాకర్లు. అమెరికాలో ప్రీస్కూళ్ళలో చాలాచోట్ల చేయించేది ఇదే, అక్కడి టీచర్లకు చిన్నపిల్లల సంగతి బాగా తెలుసు కాబట్టే. స్కూల్లో పాలు ఇచ్చే చిన్న అట్టడబ్బా ఉంటుంది కదా, అది కడిగి ఆరబెట్టి, దాని చుట్టూ గ్రాహమ్ క్రాకర్లు (పలకల్లాంటి పల్చటి తీపి బిస్కెట్లు) అతికిస్తారు. బరువంతా డబ్బా మోస్తుంది కాబట్టి ఐసింగ్ ఇంకా తడిగా ఉన్నా గోడ పడిపోదు, కప్పు జారదు, ఆగమని ఎవరూ అనక్కర్లేదు. డబ్బా తల ముందే వాలుగా ఉంటుంది గనక ఇంటి ఆకారం దానంతటదే వచ్చేస్తుంది. క్రాకర్ పొడవు సుమారు 5 ఇంచీలు, వెడల్పు అందులో సగం, మధ్యలో గీత దగ్గర విరిస్తే రెండు చదరపు ముక్కలు. త్రికోణం కావాలంటే మాత్రం రంపంలా పళ్ళున్న కత్తితో, అదమకుండా మెల్లగా ముందుకూ వెనక్కూ కోయాలి. ఆ పని పెద్దవాళ్ళదే. డబ్బా లేకపోతే ఒక క్రాకర్ కింద పరిచి, రెండు వాలుగా ఆనించి గుడారంలా చేసినా సరే, మూడేళ్ళ పిల్లలకు అదే మహాభవనం.

నాకు క్రాకర్లలో అన్నిటికన్నా నచ్చేది ఏంటంటే ఎవరి ఇల్లు వాళ్ళదే. కిట్‌లో ఇల్లు ఒక్కటే, ఇద్దరు పిల్లలుంటే తలుపు దగ్గర ఏం పెట్టాలో తేలేసరికి ఏడుపులు మొదలవుతాయి. ఒక పెట్టె క్రాకర్లతో నలుగురైదుగురు పిల్లలకు తలా ఒక ఇల్లు వస్తుంది, పాట్‌లక్‌కి వచ్చిన స్నేహితుల పిల్లలతో కూడా కూర్చోబెట్టొచ్చు. గోడ మీద క్యాండీ వంకరగా పెట్టినా, ఒకవైపంతా ఖాళీగా వదిలేసి చిమ్నీ మీదే ఇరవై క్యాండీలు గుచ్చినా, వాళ్ళనలా వదిలేయండి, దయచేసి మనం చెయ్యి పెట్టి సర్దొద్దు. లోటు కూడా చెప్పాలి: వాసన ఉండదు. అల్లం, దాల్చినచెక్క ఘుమఘుమ లేని ఇల్లు జింజర్‌బ్రెడ్ ఇల్లు కాదు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు పది నిమిషాల్లో బోర్ కొట్టేస్తుంది కూడా.

వాళ్ళకోసమే మూడోది, ఇంట్లో కాల్చడం. రెండు రోజుల పని, నిజమే. కానీ పిల్లలు మొదటి నుంచి చివరిదాకా చేయగలిగింది ఇదొక్కటే, కొలవడం, కలపడం, గీయడం, కోయడం, అతకడం అన్నీ. ఈ ఇళ్ళు పుట్టింది జర్మనీలో, అక్కడ నూరెంబర్గ్ ఊరు మసాలా బిస్కెట్లకు పెట్టింది పేరు. 1812లో గ్రిమ్ సోదరుల కథలు అచ్చయ్యాక, అడవిలో తినుబండారాల ఇంటి కథ విన్న జనం ఇలాంటి ఇళ్ళు కట్టుకోవడం పెరిగిందని చెబుతారు. నార్వేలో బెర్గెన్ నగరమైతే 1991 నుంచి ఏటా ఊరు ఊరంతా కలిసి జింజర్‌బ్రెడ్ పట్టణం కడుతోంది, అందులో ఎన్నో ఇళ్ళు కిండర్‌గార్టెన్లు, బడుల పిల్లలు చేసి తెచ్చినవే. అమెరికాలో నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో 1992లో మొదలైన జింజర్‌బ్రెడ్ ఇళ్ళ పోటీలో పిల్లలకు విడిగా విభాగాలున్నాయి. చిన్నచేతులతో అవ్వదేమోనని సందేహించక్కర్లేదు.

గుడ్డు లేని పిండి కొలత ఇది. ఒక కప్పు వెన్న, ఒక కప్పు బ్రౌన్ షుగర్, ఒక కప్పు మొలాసిస్ (చెరకు నుంచి వచ్చే నల్లటి చిక్కటి పాకం) గిన్నెలో వేసి సన్నసెగ మీద కరిగించాలి. కాస్త చల్లారాక రెండు చెంచాల శొంఠిపొడి, రెండు చెంచాల దాల్చినచెక్క పొడి, కొంచెం లవంగాల పొడి, చిటికెడు ఉప్పు, ఐదు కప్పుల మైదా కలిపి ముద్ద చేయాలి. బేకింగ్ సోడా వద్దు, సోడా వేస్తే పలక పొంగి అంచులు పాకుతాయి, గోడలు ఒకదానికొకటి ఆనవు. ఇండియాలో ఉన్నవాళ్ళకు మొలాసిస్ దొరక్కపోతే నల్లబెల్లం కొద్ది నీళ్ళతో చిక్కటి పాకంలా కరిగించి వడకట్టి వాడొచ్చు, రుచి మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. గుడ్డు లేదు కదా అని పచ్చిపిండి మాత్రం తిననివ్వకండి, పచ్చి మైదాలో కూడా కడుపు పాడుచేసే బ్యాక్టీరియా ఉండొచ్చు.

సీరియల్ పెట్టె అట్ట మీద గోడలూ కప్పూ గీయించి కత్తిరించండి, పెద్ద పిల్లలకు ఇక్కడే మజా, ఎదురెదురు గోడలు సమానంగా లేకపోతే ఏమవుతుందో వాళ్ళకే అర్థమవుతుంది. పిండిని పార్చ్‌మెంట్ కాగితం మీదే పావు ఇంచీ మందాన ఒత్తి, అట్ట పెట్టి కోసి, చుట్టూ ఉన్న పిండిని తీసేసి, కాగితంతో సహా ట్రేలోకి జరపాలి. పలకను చేత్తో ఎత్తితే సాగి వంకరపోతుంది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 175 సెల్సియస్ దగ్గర ఇంచుమించు పదిహేను నిమిషాలు, అంచులు ముదురు రంగుకు తిరిగేదాకా. బయటకు తీయగానే, వేడిగా ఉన్నప్పుడే, అదే అట్టను మళ్ళీ మీద పెట్టి అంచులు నిటారుగా కోసేయాలి. అతుకులన్నీ సరిగ్గా కూర్చునేది ఈ రెండో కోతతోనే, దీన్ని మాత్రం వదిలేయొద్దు. ఇంకో సరదా: కిటికీ ముందే కోసి ఉంచి, కాలడం పూర్తవడానికి ఐదు నిమిషాల ముందు ఆ ఖాళీలో గట్టి క్యాండీని పొడి చేసి నింపితే, కరిగి అద్దంలా పరుచుకుంటుంది. చల్లారాక లోపల చిన్న బ్యాటరీ దీపం పెట్టి లైట్లు ఆర్పండి, పిల్లలు కేరింతలు కొడతారు. పలకల్ని రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు కట్టాలి.

మూడింటికీ వర్తించే విషయం, మన ఇళ్ళలో చాలామంది అడిగేది: వెజిటేరియనేనా? ఐసింగ్ సంగతి ముందు చూడండి. ఆరాక గట్టిపడే అసలు రాయల్ ఐసింగ్ కోడిగుడ్డు తెల్లసొనతోనే చేస్తారు, స్టోర్లో దొరికే మెరింగ్ పౌడర్ కూడా ఎండబెట్టిన తెల్లసొనే, కిట్‌లో ఇచ్చే ఐసింగ్‌లోనూ తరచుగా అదే ఉంటుంది. గుడ్డు తినేవాళ్ళయితే పచ్చి తెల్లసొన బదులు మెరింగ్ పౌడరే వాడటం క్షేమం. గుడ్డు వద్దనుకునేవాళ్ళకు మంచి దారి ఉంది, కాబూలీ శనగల డబ్బాలో ఉండే చిక్కటి నీళ్ళు. ఉప్పు వెయ్యనిది చూసి కొనండి, ఆరు పెద్ద చెంచాల నీళ్ళు నురగ వచ్చేదాకా గిలక్కొట్టి నాలుగు కప్పుల పొడి చక్కెర కొంచెంకొంచెంగా కలిపితే, చెంచా ఎత్తినప్పుడు కొన నిలబడేంత గట్టిగా వస్తుంది. ఆరాక శనగల వాసన ఉండదు. ఏ ఐసింగ్ అయినా గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంచకపోతే అరగంటలో పైన పొర కట్టేస్తుంది. క్యాండీల్లో మార్ష్‌మాలోలు, గమ్మీలు అంటే సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది పంది నుంచో పశువు నుంచో తీసింది, కాబట్టి లేబుల్ చదవాల్సిందే. నాలుగేళ్ళ లోపు పిల్లల చేతికి గుండ్రటి గట్టి క్యాండీలు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి.

స్వీడన్‌లోలా కరిగించిన చక్కెర పాకంతో అతికితే క్షణాల్లో పట్టేస్తుంది, చాలా బలం కూడా. కానీ ఆ పాకం మరిగే నీళ్ళకన్నా ఎంతో వేడిగా ఉంటుంది, చేతికి అంటుకుంటే ఊడదు. పిల్లలు బల్ల దగ్గర ఉంటే దాని జోలికే పోవద్దు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్ళకు గ్రాహమ్ క్రాకర్లు వెతకాల్సిన పని లేదు, పార్లే-జీ, మేరీ బిస్కెట్లూ, జ్యూస్ తాగేసిన చిన్న అట్టడబ్బా చాలు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమకు బిస్కెట్ మెత్తబడుతుంది, చీమలు సరేసరి, ఆ రోజే తినేయడం మేలు. హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళకూ తేమ బాధ తప్పదు.

కాబట్టి నా మాట ఇది. ఏడేళ్ళ లోపు అయితే డబ్బా మీద క్రాకర్లు, రెండో ఆలోచన వద్దు. ఎనిమిది దాటితే, ఒక వీకెండ్ మొత్తం ఇవ్వగలిగితే, ఇంట్లో కాల్చండి. ఇంట్లో రెండు వయసుల పిల్లలూ ఉంటే, పెద్ద పిల్లలు పలకలు కాలుస్తుంటే చిన్నవాళ్ళు క్రాకర్ ఇల్లు కట్టుకుంటారు. ఆఫీసు పనుల్లో ఊపిరాడకపోతే కిట్ కొని ముందురోజే కట్టి పెట్టండి, అంతకు మించి దానివల్ల లాభం లేదు.

ఎప్పుడు చేయాలన్నదాని మీద కూడా ఒక మాట. స్వీడన్ వాళ్ళు జనవరి 13న క్రిస్మస్ చెట్టు తీసేసే రోజున పిల్లలందర్నీ పిలిచి జింజర్‌బ్రెడ్ ఇల్లు పగలగొట్టి పంచిపెడతారు. మనకు భోగి వచ్చేదీ ఆ దరిదాపుల్లోనే. క్రిస్మస్ హడావుడిలో కుదరలేదని బాధపడేవాళ్ళు జనవరి మొదటివారంలో మొదలుపెట్టుకోవచ్చు, డిసెంబరు ఇరవై ఐదు దాటగానే స్టోర్లలో పండగ క్యాండీలు సగం ధరకు పెట్టేస్తారు, భోగిపళ్ళకు వచ్చిన పిల్లలందరికీ తలా ఒక ముక్క వస్తుంది.